పేరాలకు బదిలీ అయిందా? మారకుండా ఉండేందుకు 10 చిట్కాలు

బదిలీ అంటే కుర్చీ మారడమే తప్ప మనిషి మారడం కాదు. ఈ చిన్న సంగతి తెలియక ఏటా ఎంతోమంది ఉద్యోగులు కొత్త ఊరికి వెళ్లి, అక్కడివాళ్లతో కలిసి టీ తాగి, వాళ్ల మాటతీరు పట్టుకుని, ఆర్నెల్లకల్లా ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయేంతగా పాడైపోతున్నారు. ఆ గతి మీకు పట్టకూడదనే ఈ చిట్కాలు.

మాటవరసకు మిమ్మల్ని తెనాలి నుంచి పేరాలకు వేశారనుకుందాం. దూరం పెద్దగా లేదు. రైలెక్కితే చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల, స్టువర్టుపురం. ఆ తర్వాత చీరాల స్టేషను. దిగితే పేరాల ఎంతో దూరం కాదు. ప్రభుత్వం అదే, జీతం అదే, కాగితం మీది రూల్సూ అవే. ఇక తేడా ఏముంటుందిలే అనిపిస్తుంది. ఆ నమ్మకమే మీకు రక్ష. ఏం జరిగినా దాన్ని వదలకండి.

1. మొదటి రోజే మీరెవరో తెలియజెప్పండి

జాయినింగ్ రిపోర్టు, రిలీవింగ్ ఆర్డరు, ఎల్‌పీసీ, సర్వీసు రిజిస్టరు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. గుమ్మంలో అటెండరు ఎదురై "ఎవరు కావాలి సార్?" అని అడుగుతాడు. పేరు చెప్పొద్దు. "మీ సార్ ఉన్నారా?" అని ఎదురడిగి లోపలికి నడవండి. అతను ఆ రోజంతా మీరు ఆడిట్ పార్టీ అనుకుని భయపడతాడు. అది మంచిదే.

లోపలివాళ్లు లేచి వచ్చి పలకరిస్తారు. పేర్లు, సెక్షన్లు చెబుతారు. ఒక్క పేరు కూడా గుర్తుపెట్టుకోకండి. ఎ-సీటు, బి-సీటు అని పిలిస్తే సరిపోతుంది. మనుషులు వస్తారు, పోతారు, సీట్లు ఉంటాయి. ఆ తర్వాత ఫ్యాను కింద బల్ల ఎవరిదో చూడండి. ఏళ్ల తరబడి అక్కడే కూర్చున్న ఒక సీనియర్ అసిస్టెంటు మేడమ్ ఉంటారు. ఆవిడను ఎందుకు అక్కడ కూర్చోబెట్టారో అడక్కండి. మోకాళ్ల నొప్పో, వెలుతురో ఏదో కారణం చెబుతారు, విన్నాక మీ మనసు మెత్తబడుతుంది. నేరుగా సీనియారిటీ లిస్టు తీయండి.

2. "మా తెనాలిలో అయితే..."

ఈ మూడు మాటలూ మీకు ఆయుధం. ఏ పని చెప్పినా వీటితోనే మొదలుపెట్టండి. "మా తెనాలిలో అయితే ఇన్వర్డు పదింటికల్లా అయిపోయేది." "మా తెనాలిలో అయితే ఈ ఫార్మాటు ఇట్టా ఉండదు." "మా తెనాలిలో అయితే సూపరింటెండెంటు గారు ఇట్టాంటివి అడగరు." ఊరి గొప్పలకూ వెనకాడొద్దు. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు, ఊళ్లోంచి పారే మూడు కాలువలు, నాటక సమాజాలు, అన్నీ ఇన్వర్డు రిజిస్టరుకు సంబంధం ఉన్న విషయాలే.

అవతలివాళ్లు "అట్టాగా సార్?" అంటారు. దాన్ని మెచ్చుకోలుగా తీసుకోండి. రెండోసారి "అట్టాగా?" అంటారు. మూడోసారి ఏమీ అనరు. మీ మాట వాళ్లకు పూర్తిగా ఎక్కిందన్నమాట.

ఇక్కడ ఒక చాడీ గురించి ముందే హెచ్చరించాలి. మీరు తెనాలిలో ఉన్నన్నాళ్లూ "మా రేపల్లెలో అయితే" అని ప్రాణాలు తోడేవారని, అక్కడి కాలువ గాలి పడటం లేదని వారానికో లీవు పెట్టేవారని పాత ఆఫీసువాళ్లు చెప్పుకుంటున్నారట. గిట్టనివాళ్ల మాటలు. పట్టించుకోకండి.

3. పుస్తకంలో ఉన్నదే ఆఫీసు

మన జిల్లా ఆఫీసుల్లో కాగితం నడిచే తీరు మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరు మీద స్థిరపడింది. తపాలు వస్తే నంబరు వేయడం, పర్సనల్ రిజిస్టరులో ఎక్కించడం, కరెంటు ఫైలు ఒకవైపు, నోటు ఫైలు ఒకవైపు పెట్టి పుటప్ చేయడం, పని ముగిశాక ఎల్.డిస్. అయితే ఏడాది, డి.డిస్. అయితే పదేళ్లు, ఆర్.డిస్. అయితే శాశ్వతంగా కట్ట కట్టి రికార్డు రూములో పెట్టడం. తెనాలిలోనూ ఇదే, రేపల్లెలోనూ ఇదే, పేరాలలోనూ ఇదే. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చి కట్టలు కంప్యూటరులోకి పోతున్నా నడక అదే.

అందుకని కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదని గట్టిగా అనుకోండి. ఏ కట్ట ఏ అలమరలో ఉంది, ఏ బీరువా తలుపు పైకెత్తి లాగితే తెరుచుకుంటుంది, వానాకాలం ఏ గోడ చెమ్మగిల్లుతుంది, పెద్దసారు ఏ పూట సంతకాలు పెడతారు, ఏ కాగితం మీద ముందు ఫోను చేసి చెప్పి తర్వాత మెమో పంపాలి, ఇవేవీ జిల్లా ఆఫీసు మాన్యువల్లో లేవు. లేనివి ఉండవు. అవన్నీ తలలో పెట్టుకుని తిరిగే అటెండరును "నువ్వు నాకు చెప్పేదేంటి, రూలు చూపించు" అనండి. అతను రూలు చూపించలేడు. మీరు గెలుస్తారు. ఆ తర్వాత మీకు కావలసిన 1998 నాటి ఆర్.డిస్. కట్ట కోసం మూడు రోజులు దుమ్ములో మీరే వెతుక్కుంటారు. గెలుపు ఊరికే వస్తుందా?

4. క్యారేజీ గోడవైపు తిప్పి విప్పండి

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నాలుగు బల్లలు కలిపి, మీద పేపర్లు పరిచి, అందరూ క్యారేజీలు విప్పుతారు. ఒకరి గోంగూర ఇంకొకరికి, ఇంకొకరి పప్పుచారు మరొకరికి పోతుంది. సముద్రం దగ్గరే కాబట్టి వాడరేవు చేప వచ్చిన రోజున తినేవాళ్లంతా ఒక పక్క చేరతారు, తిననివాళ్లు పెరుగుతో ఇంకో పక్క సర్దుకుంటారు. మిమ్మల్ని రమ్మంటారు. పోకండి. "నాకు డైట్" అనండి, కడుపు నిండా తెనాలి అన్నమే ఉన్నా సరే.

కారణం చెబుతాను. ఆఫీసులో నిజమైన పనంతా ఆ అరగంటలోనే జరుగుతుంది. ఎవరి అమ్మాయికి జ్వరం, ఎవరు రేపు సీఎల్, ఎవరి సీటు పని ఎవరు చూస్తారు, పెద్దసారు పొద్దున ఎందుకు చిరాగ్గా ఉన్నారు, ఆ కోర్టు కేసు కౌంటరు ఎవరు రాస్తారు, అన్నీ అక్కడే తేలిపోతాయి. మీరు అక్కడ కూర్చుంటే ఇవన్నీ తెలిసిపోతాయి. తెలిస్తే బాధ్యత. సాయంత్రం అయిదింటికి మెమో రూపంలో తెలుసుకోవడంలో ఉన్న హుందాతనం మజ్జిగన్నం దగ్గర తెలుసుకోవడంలో లేదు.

టీ చందా అడుగుతారు. నెలకోసారి అందరూ వేసుకునేది. "నేను టీ తాగను" అనండి. రోజూ పదకొండింటికి ఒంటరిగా బయటికి వెళ్లి తాగి రండి. దారిలో మీకెదురయ్యేది మీ ఆఫీసు టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చే అటెండరే. చూడనట్టు నడవండి.

5. ముందు ఇంటిపేరు అడగండి

ఎదుటివాళ్ల పని తెలుసుకోవడానికి నెలలు పడుతుంది. ఇంటిపేరు తెలుసుకోవడానికి అరనిమిషం చాలు. "మీ ఇంటిపేరేంటండీ?" అనండి. తేలకపోతే "మీ మేనమామ వాళ్లది ఏ ఊరు?" అనండి. ఇంకా తేలకపోతే "పెళ్లి ఎక్కడ చేసుకున్నారు?" అనండి. మూడు ప్రశ్నల్లో మనిషి ఏ గదిలో పడతాడో తేలిపోతుంది. ఇక అతను ఫైలు బాగా రాస్తాడా, కౌంటరు దగ్గర ఓపిగ్గా మాట్లాడతాడా, నెలాఖరు స్టేటుమెంటు సమయానికి ఇస్తాడా అని పరీక్షించే శ్రమ ఉండదు.

ఎవరైనా మీ ఇంటిపేరు అడిగితే మాత్రం "ఈ రోజుల్లో కూడా ఇవేంటండీ?" అని నొచ్చుకోండి.

6. అప్ అండ్ డౌన్ చేయండి, ప్రాణం అక్కడే ఉంచండి

పేరాలలో ఇల్లు అద్దెకు తీసుకోవడం గురించి ఆలోచించనైనా ఆలోచించొద్దు. అద్దె ఇల్లంటే పక్కింటివాళ్లు, పాలవాడు, కూరగాయలవాడు, పిల్లలుంటే బడి. వారం తిరిగేసరికి ఊరు మీ ఇంట్లోకి వచ్చేస్తుంది. తెనాలి నుంచి సీజన్ పాసు కొనుక్కుని అప్ అండ్ డౌన్ చేయండి.

దీనివల్ల సంభాషణ చాలా తేలికవుతుంది. ఉదయం "రైలు లేటు." సాయంత్రం "రైలుకు టైమైంది." ఈ రెండు వాక్యాలతో సర్వీసు అంతా గడపవచ్చు. 2023 జనవరి నుంచి ప్రభుత్వ ఉద్యోగులకు ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది కాబట్టి గుమ్మం దగ్గర ఫోనుకు మొహం చూపించండి. యాప్‌కు కావలసింది మొహమే. మనసు చుండూరు దగ్గర దిగిపోయిందో లేదో అది అడగదు.

రైల్లో మీకు ఒక స్నేహబృందం దొరుకుతుంది. అందరూ అప్ అండ్ డౌన్ వాళ్లే. నిడుబ్రోలు వచ్చేలోపు డీఏ బకాయిలు, బాపట్ల వచ్చేలోపు పీఆర్సీ, చీరాల వచ్చేలోపు ఎవరు ఎవరిని పట్టుకుని ఎక్కడ పోస్టింగు వేయించుకున్నారో తేలిపోతుంది. ఇదే మీ అసలు ఆఫీసు అనుకోండి. పేరాలలో ఉన్నది మధ్యలో వచ్చే పెద్ద హాల్టు.

7. పాత సీటు వదలకండి

తెనాలిలో మీ స్థానంలో వచ్చినవాడికి చార్జి ఇచ్చేటప్పుడు లిస్టు పూర్తిగా రాయకండి. పెండింగు ఫైళ్లలో రెండు మీ తలలోనే ఉంచుకోండి. అప్పుడు అతను రోజుకోసారి మీకు ఫోను చేస్తాడు. మీరు పేరాల కౌంటరులో ఎదుట మనిషిని నిలబెట్టి "ఆ అలమరలో రెండో అరలో చూడవయ్యా" అని గట్టిగా చెప్పవచ్చు. నిలబడ్డ మనిషికి మీ అనుభవం ఎంతటిదో అర్థమవుతుంది. అతని పని ఎప్పటికవుతుందో మాత్రం అర్థం కాదు.

పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పుకోవద్దు. అక్కడ వచ్చే సర్క్యులర్లన్నీ కొత్త గ్రూపులోకి పంపండి. కొత్త గ్రూపులో మీకంటే ముందే అవి వచ్చి ఉంటాయి. అయినా పంపండి. తెల్లవారుజామున పూలగుత్తితో శుభోదయం, రాత్రి పదకొండింటికి 2011 నాటి సెలవు నిబంధనల జీవో. ఎవరూ జవాబివ్వకపోతే అందరూ చదువుతున్నారని అర్థం.

8. గుంటూరు బ్యాచి, ఒంగోలు బ్యాచి

పేరాల మనిషి ఇల్లు కదలకుండానే జిల్లాలు మారిన మనిషి. 1970 ఫిబ్రవరి దాకా గుంటూరు జిల్లా. తర్వాత ఒంగోలు జిల్లా. 1972లో దానికే ప్రకాశం అని పేరు. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా ఆఫీసు పని పడితే సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకు బస్సెక్కేవాళ్లు ఇప్పుడు సుమారు 15 కిలోమీటర్ల బాపట్లకు వెళుతున్నారు. రేపల్లెవాళ్లు గుంటూరు వదిలి బాపట్లకు వచ్చారు. తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. ఈ మార్పుల్లో ఫైళ్లూ మనుషులూ రెండు వైపుల నుంచీ వచ్చి ఒక చోట చేరారు. గుంటూరులో ఒక రకంగా రాసే నోటును ఒంగోలులో ఇంకో రకంగా రాయడం అలవాటైనవాళ్లు పక్కపక్క బల్లల మీద కూర్చున్నారు.

తెలివైనవాడు ఇక్కడే అవకాశం చూడాలి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడింటినీ ఒకే జోన్ చేశాయి కదా, అంతా మనవాళ్లే కదా అని ఎవరో ఒక పెద్దాయన అంటారు. నవ్వి ఊరుకోండి. గుంటూరు బ్యాచి దగ్గర కూర్చుని "ఒంగోలు వాళ్లకు డ్రాఫ్టింగ్ రాదండీ" అనండి. ఒంగోలు బ్యాచి దగ్గర "గుంటూరు వాళ్లకు డ్రాఫ్టింగ్ తప్ప ఏమీ రాదండీ" అనండి. ఇద్దరికీ కావలసినవారవుతారు. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో పైవాటా, కిందివాటాల్లో ఉంటున్నారని, సాయంత్రం మీ రెండు మాటలూ మెట్ల మీద కలుసుకుంటాయని మీకు ఎవరూ చెప్పరు. మీరు అన్నం దగ్గర కూర్చోరు కాబట్టి.

9. "రేపు రండి" అన్నది మరవకండి

పేరాల నేతపని చేసేవాళ్ల ఊరు. నేతగాడికి నెలజీతం ఉండదు. నేసిన బట్టకే మజూరీ. పొద్దున గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే ఆ పూట ఎన్ని గజాలు దిగితే అంతే అతని సంపాదన. ఆఫీసుకు రావాలంటే నాడె ఆపి లేవాలి. ఇంట్లో ఆసు పోసే భార్యా, కండెలు చుట్టే తల్లీ అతనితోపాటే ఆగిపోతారు. అంటే మీ కౌంటరు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడంటే వెనక ఒక ఇల్లు పని మానుకుని నిలబడిందన్నమాట.

ఇది తెలిసిన స్థానిక ఉద్యోగులు కొన్ని చెడు అలవాట్లు చేసుకున్నారు. మగ్గం దిగి వచ్చినవాణ్ని ముందు పంపేస్తారు. ఏయే కాగితాలు తేవాలో మొదటిసారే చీటీ మీద రాసిస్తారు. వానలు పట్టి గుంటల్లో నీళ్లు చేరిన రోజుల్లో పని లేక అందరూ ఒక్కసారే వస్తారని తెలిసి ఆ రోజులకు ఒకరికొకరు సెలవులు సర్దుకుంటారు. ఎవరి ఆర్డరూ లేకుండా జరుగుతోంది ఇదంతా. మీరు దీన్ని చూసి "క్యూ పద్ధతి లేదు" అని పెద్దసారుకు నోటు పెట్టండి.

వచ్చినవాడికి ఒక్క కాగితం తక్కువని చెప్పండి. అది తెస్తే రెండోది తక్కువని చెప్పండి. "రేపు రండి" అనే మాటకు ఖర్చు లేదు. మీకు లేదు, అంతే. వానరోజున మీరు సీఎల్ పెట్టండి. రైలు లేటు ఎలాగూ ఉంది.

10. ఊరి చరిత్ర వినకండి, విన్నా తప్పుగా అర్థం చేసుకోండి

కొత్తవాళ్లు ఎవరొచ్చినా పేరాలలో ఒక కథ చెబుతారు. చీరాల, పేరాల యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి పన్ను సుమారు 4 వేల రూపాయలు. వాటిని కలిపి మునిసిపాలిటీ చేయాలని 1919లో మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. పన్ను సుమారు 40 వేలకు పోయింది. ఊళ్లో చాలామంది నేతగాళ్లు, పేదవాళ్లు. మాకొద్దీ మునిసిపాలిటీ అని మొత్తుకున్నారు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే, ప్రభుత్వం జీతం మీద ఒక అధికారిని చైర్మన్‌గా కూర్చోబెట్టి పని నడపాలని చూసింది. పన్ను కట్టనివాళ్లను జైల్లో పెట్టింది. వాళ్లలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ కూడా ఉంది.

అప్పుడు ముందుకొచ్చినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1921 మార్చి ఆఖరున బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలయ్యాక, ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. అహింసగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే వదిలిపోవడం ఇంకో దారి అన్నారు. వీళ్లు రెండోది పట్టుకున్నారు. 15 వేల పైచిలుకు జనంలో 13 వేలకు పైగా మూటాముల్లే సర్దుకుని ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, 11 నెలలు ఎండకూ వానకూ ఓర్చుకుని ఉన్నారు. గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు అనే వాలంటీర్ల దళం కాపలా కాసింది. ఆయన్ని జైల్లో పెట్టాక, చేతిలో డబ్బు అయిపోయాక, మెల్లగా తిరిగి ఇళ్లకు చేరారు.

వినేవాళ్లకు దీన్నుంచి ఒక నీతి తడుతుంది. ఊరివాళ్లను అడక్కుండా పైనుంచి వచ్చిన ఆర్డరును వాళ్ల మీద రుద్దితే, ఇళ్లు వదిలి పోయేంత పట్టుదల ఉన్నవాళ్లు వీళ్లు అని. మీకు ఆ నీతి తట్టకూడదు. మీరు ఆ జీతం చైర్మన్ కోణంలోంచి చూడండి. ఆఫీసు ఉంది, రిజిస్టర్లు ఉన్నాయి, కుర్చీ ఉంది, జీతం వస్తోంది, ఊళ్లో జనం లేరు. కౌంటరు దగ్గర ఒక్కడు నిలబడడు. ఒక్క అర్జీ రాదు. ఇంతకు మించిన ఆఫీసు వాతావరణం ఎక్కడైనా ఉంటుందా?

ఇంకో పొరపాటు ఆలోచన కూడా రావచ్చు. మిమ్మల్ని అడక్కుండా మీకు బదిలీ ఆర్డరు ఇచ్చారు. వాళ్లను అడక్కుండా వాళ్లకు మునిసిపాలిటీ ఇచ్చారు, ఆ తర్వాత జిల్లాలూ మార్చారు. కాబట్టి మీరూ వాళ్లూ ఒక జాతివాళ్లే అనిపించవచ్చు. ఆ ఊహను మొలకలోనే తుంచేయండి. ఒక్కసారి తలకెక్కిందంటే కౌంటరుకు ఇవతల ఉన్నవాడికీ అవతల ఉన్నవాడికీ తేడా తెలియకుండా పోతుంది. ఉద్యోగి పాడైపోవడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

దుగ్గిరాల కూడా మొదట్లో బాపట్ల తాలూకా కచేరీలో కొన్నాళ్లు ఉద్యోగం చేసినవాడే. వదిలేసి ఎడిన్‌బరో వెళ్లి ఎం.ఏ. చదివి వచ్చాడు. స్కాట్లండు దాకా వెళ్లి వచ్చిన మనిషి చీరాల నేతగాడి పక్కన నేల మీద కూర్చుని అతనికి తెలిసిన మాటల్లో మాట్లాడాడు. తెనాలి నుంచి వచ్చిన మీకు ఆ అవసరం లేదు.

సందేహాలు, సమాధానాలు

*రేపల్లె నుంచి ఒక సోదరి:* నన్ను పేరాలకు వేశారండీ. మావారి ఉద్యోగం రేపల్లెలోనే. అత్తగారికి ఒంట్లో బాగుండదు. రైల్లో రావాలంటే తెనాలికి పోయి మారాలి, రోడ్డున వస్తే 216 హైవే మీద బస్సుల కోసం చూడాలి. కొత్త ఆఫీసులో మేడమ్ గారు ఒకావిడ "ఇంట్లో ఇబ్బంది ఉంటే చెప్పమ్మా, ఉదయం తపాలు నేను చూసుకుంటాను, సాయంత్రం స్టేటుమెంట్లు నువ్వు చూడు" అంటున్నారు. ఒప్పుకోమంటారా?

*జవాబు:* ఒప్పుకోవద్దమ్మా. ఈ రోజు తపాలు చూస్తానన్నావిడ రేపు నీ బిడ్డ చదువు గురించి అడుగుతుంది, ఎల్లుండి పండక్కి అరిసెలు పంపుతుంది. స్పౌజ్ కేసు కింద దరఖాస్తు పెట్టుకుని, ఫలితం వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చో. కౌన్సెలింగు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు కాబట్టి ఓపిక ముఖ్యం.

*ఒక జూనియర్ అసిస్టెంటు:* మా సూపరింటెండెంటు గారు ప్రతి ఫైలూ తన ద్వారానే పోవాలంటారు సార్. మా పాత ఆఫీసులో నేరుగా పెద్దసారు దగ్గరికి పట్టుకెళ్లేవాళ్లం. ఏం చేయాలి?

*జవాబు:* పాత పద్ధతే మంచిది బాబూ, నీకు అలవాటైంది కదా. నేరుగా పట్టుకెళ్లు. పెద్దసారు ఫైలు చూసి, "సూపరింటెండెంటు గారితో మాట్లాడండి" అని రాసి వెనక్కి పంపుతారు. అప్పుడు అదే ఫైలు పట్టుకుని సూపరింటెండెంటు గారి ముందు నిలబడాలి. అలా ప్రతి ఫైలునూ రెండుసార్లు మోస్తే కష్టపడే కుర్రాడన్న పేరు వస్తుంది.

*పేరు చెప్పని మరొకరు:* మా ఆఫీసులో కొత్తగా వచ్చినవాళ్లకు ఊరు చూపించే అలవాటు ఉందండీ. ఆదివారం వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళదాం, 1918 నుంచి ఉన్న లైబ్రరీ, వచ్చేటప్పుడు జీడిపప్పు కొనుక్కోవచ్చు అంటున్నారు. వెళ్లవచ్చా?

*జవాబు:* లైబ్రరీ ప్రమాదకరం. అక్కడి పాత పత్రికల్లో ఈ ఊరి సంగతులు చాలా ఉంటాయి. పదో చిట్కా నీరుగారిపోతుంది. జీడిపప్పు ఒక్కటే తెప్పించుకోండి. డబ్బులు తర్వాత ఇస్తానని చెప్పండి.

చివరగా, రోగ లక్షణాలు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొందరికి కొత్త ఆఫీసు అంటుకుంటుంది. ఈ లక్షణాలు కనిపిస్తే మేలుకోండి. అటెండరును పేరు పెట్టి పిలవడం, అతని పిల్ల ఇంటరులో ఏ గ్రూపు తీసుకుందో తెలిసి ఉండటం. రైలు తప్పిపోయినా కంగారు పుట్టకపోవడం. మబ్బు పట్టిన ఉదయం "ఇవ్వాళ గుంటల్లోకి నీళ్లొస్తాయేమో, కౌంటరులో ఇంకో మనిషి ఉండాలి" అనిపించడం. ఎవరో తెనాలి మనిషి ఫోను చేస్తే, "మా ఆఫీసులో ఇట్టా చేస్తున్నాం" అని చెప్పి, "మా" అన్నది ఏ ఊరినో తర్వాత చూసుకుని ఉలిక్కిపడటం.

ఈ దశలో ఒక్కటే మందు. వెంటనే రిక్వెస్టు ట్రాన్స్‌ఫరుకు దరఖాస్తు పెట్టండి. అది త్రూ ప్రాపర్ ఛానెల్ పోవాలి. అంటే మీరు పేరు అడగని సీటువాళ్లు ఇన్వర్డు వేయాలి, ఫ్యాను కింది నుంచి మీరు లేపిన మేడమ్ పుటప్ చేయాలి, మీరు దాటుకుంటూ పోయిన సూపరింటెండెంటు గారు సిఫారసు రాయాలి, మీ ఎదుట టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ అటెండరు డిస్పాచ్ చేయాలి. ఈ పది చిట్కాలూ తు.చ. తప్పకుండా పాటించినవారైతే ఏ బెంగా పెట్టుకోనక్కర్లేదు. ఉదయం ఇచ్చిన దరఖాస్తు ఒక్క కొర్రీ పడకుండా, మధ్యాహ్నం అన్నాల వేళకల్లా, నాలుగు సంతకాలూ "గట్టిగా సిఫారసు చేయడమైనది" అన్న నోటుతో సహా బాపట్ల దారి పట్టి ఉంటుంది.